స్టాపర్ ఆడే అమ్మాయి ఇంటర్ తర్వాత ఎటు వెళ్లాలి? తిరుపతా, బెంగళూరా, చెన్నయా, రైల్వే ఉద్యోగమా?

పోయిన నెల పొద్దున ప్రాక్టీస్ అయిపోయాక ఒకాయన గ్రౌండ్ గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. ఆటో నడుపుతాడు, అలిపిరి స్టాండ్‌లో పెడతాడు. కూతురు సీనియర్ ఇంటర్, రెండేళ్లుగా నా దగ్గర ఫుట్‌బాల్‌లో స్టాపర్ బ్యాక్ ఆడుతోంది, అంటే గోల్‌కి ముందు మధ్యలో నిలబడి ఎదుటి జట్టుని ఆపే డిఫెండర్. ఆయన అడిగింది ఒక్కటే. "మేడం, పాప బాల్ బాగా ఆపుతాది అంటాండారు అందరూ. గోల్ కొడితే డబ్బులిస్తారని ఇన్యాను. ఆపితే గూడా ఇస్తారా?"

నవ్వొచ్చింది గానీ ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. ఆపినా ఇస్తారు. అమెరికా డిఫెండర్ నయోమీ గిర్మాని 2025 జనవరిలో చెల్సీ క్లబ్ దాదాపు 11 లక్షల డాలర్లకి కొనుక్కుంది, ఆడవాళ్ల ఫుట్‌బాల్‌లో పది లక్షల డాలర్లు దాటిన మొదటి బదిలీ అదే, అదీ ఒక స్టాపర్‌ది. కాకపోతే అక్కడికీ మన యూనివర్సిటీ గ్రౌండ్‌కీ మధ్య చాలా దూరం ఉంది. కాబట్టి తిరుపతి, చిత్తూరు వైపు అమ్మాయికి నిజంగా చేతికందే దారులేంటి, ఏది ఎవరికి సరిపోతుంది అన్నది నాకు తెలిసినంతలో రాస్తున్నాను. నేనూ స్టాపర్‌నే, యూనివర్సిటీకి ఆడాను, ఇప్పుడు పీఈటీని.

ముందు ఏం చూసుకోవాలి

అందరూ మొదట అడిగేది క్లబ్ పేరు. నన్నడిగితే డిఫెండర్ చూసుకోవాల్సింది పేరు కాదు, ఏడాదికి ఎన్ని పూర్తి మ్యాచ్‌లు ఆడిస్తారు అన్నది. ఫార్వర్డ్ సబ్‌గా పది నిమిషాలు దిగి గోల్ కొట్టినా మర్నాడు పేపర్లో పేరొస్తుంది. మనకి అలా కుదరదు. 85 నిమిషాలు ఏ తప్పూ లేకుండా ఆడి, 86వ నిమిషంలో ఒక్కసారి బాల్ వైపు చూస్తూ మనిషిని వదిలేశామా, ఆ రోజు అందరికీ గుర్తుండేది అదొక్కటే. ఆ 86వ నిమిషం సంగతి ప్రాక్టీస్‌లో నేర్పడానికి ఉండదు, ఎందుకంటే ప్రాక్టీస్‌లో కాళ్లు అంతగా అలిసిపోవు, పక్కన ఆడేది రోజూ చూసే అమ్మాయే, ఎదురొచ్చే ఫార్వర్డ్ ఎటు తిరుగుతుందో ముందే తెలుసు. అందుకే పెద్ద క్లబ్‌లో బెంచి మీద కూర్చున్న ఏడాది స్టాపర్‌కి దండగ అంటాను నేను. చిన్న క్లబ్బే అయినా ప్రతి వారం 90 నిమిషాలు ఆడించేదే మేలు. చాలామంది కోచ్‌లు దీనికి ఒప్పుకోరు, పెద్ద వాళ్ల మధ్య ఉంటే చూసి నేర్చుకుంటుంది అంటారు. సైడ్ బ్యాక్, అంటే అంచున ఆడే డిఫెండర్, కొంత చూసి నేర్చుకుంటుందేమో, స్టాపర్ మాత్రం గోల్స్ తినే నేర్చుకుంటుంది.

రెండోది డబ్బు. మొదటి రెండేళ్లు ఇంటి నుంచి ఎంత పంపగలరు, లేక ఆ అమ్మాయే ఇంటికి పంపాలా? ఈ మాట తల్లిదండ్రులు ఆఖర్న తీస్తారు, నిజానికి ముందే తేలాలి.

మూడోది సర్టిఫికెట్. స్పోర్ట్స్ కోటాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఫారాలు ఉంటాయి. దేశానికి ఆడితే ఫారం 1, రాష్ట్రానికి ఆడితే ఫారం 2, యూనివర్సిటీకి ఫారం 3, స్కూల్ నేషనల్స్‌కి ఫారం 4. మెడల్ గోడకి తగిలించుకోవడానికి బాగుంటుంది, ఉద్యోగానికి అడిగేది మాత్రం ఈ కాగితం. నా సంగతే చెప్తాను. నేషనల్స్ ఆడొచ్చాక నా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది. ఒక అక్షరమే కదా అని ఊరుకున్నాను. రెండేళ్ల తర్వాత ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు దాన్ని మార్పించడానికి ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను, సంతకం పెట్టాల్సిన మనిషి సీట్లో దొరికేసరికి లాస్ట్ డేట్ దాటి ఆరు రోజులైంది. అందుకే చెప్తున్నా, టోర్నమెంట్ నుంచి రైలెక్కే ముందే పేరు, పుట్టిన తేదీ, జట్టు ఎన్నో స్థానంలో వచ్చిందీ చూసుకోండి.

నాలుగోది మోకాలు. దాని గురించి కింద విడిగా రాస్తాను, ఎందుకంటే అది ఏ దారిలో వెళ్లినా వెంటే వస్తుంది.

ఒకటో దారి: ఇక్కడే డిగ్రీ, యూనివర్సిటీ టీమ్

పద్మావతి మహిళా యూనివర్సిటీ గానీ ఎస్వీ యూనివర్సిటీ గానీ. ఇల్లు దగ్గర, ఖర్చు తక్కువ, అమ్మకి టెన్షన్ లేదు. యూనివర్సిటీ టీమ్‌లో ఎంపికైతే సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలు, అక్కడ గట్టెక్కితే ఆల్ ఇండియా, చేతిలో ఫారం 3. డిగ్రీ అయ్యాక బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చేసి పీఈటీగా స్థిరపడొచ్చు, నాలాగా.

లోపం ఎక్కడంటే మ్యాచ్‌లు. జోన్ పోటీలు నాకౌట్‌తో మొదలవుతాయి. ఒక ఏడాది మేము రైల్లో ఒక పగలూ రెండు రాత్రులూ ప్రయాణం చేసి, మొదటి మ్యాచ్‌లోనే పెనాల్టీల్లో ఓడిపోయి, తెచ్చుకున్న పులిహోర ఇంకా పాడవకముందే వెనక్కి బయల్దేరాం. ఆ ఏడాదికి నా అసలైన మ్యాచ్ అదొక్కటే. మిగతాదంతా సాయంత్రం అబ్బాయిలతో ఆడుకున్నది. అబ్బాయిలతో ఆడటం మంచిదే, వేగం తెలుస్తుంది, కానీ వాళ్లు మనల్ని చూసి సగం బలంతోనే వస్తారు, ఆ అలవాటు తర్వాత దెబ్బ కొడుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఇంటర్ యూనివర్సిటీ ఆడాలంటే రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి. "బెంగళూరులో ఆడుకుంటూ ఇక్కడ డిస్టెన్స్‌లో డిగ్రీ కట్టేస్తాం" అనుకునేవాళ్లకి డిగ్రీ వస్తుంది, ఫారం 3 మాత్రం రాదు.

రెండో దారి: బెంగళూరు

చిత్తూరు, పలమనేరు అమ్మాయిలకి ఇది ఏమంత దూరం కాదు. ముళబాగిలు, కోలారు మీదుగా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. అక్కడ రాష్ట్ర స్థాయి మహిళల లీగ్ ఉంది, క్లబ్బులు చాలా ఉన్నాయి. కిక్‌స్టార్ట్ లాంటి క్లబ్ ఇండియన్ విమెన్స్ లీగ్ దాకా వెళ్లింది, 2022-23లో ఫైనల్ ఆడి గోకులం కేరళ చేతిలో ఓడింది.

ఆ ఇండియన్ విమెన్స్ లీగ్ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే ప్రొఫెషనల్ అని మనం అనుకునేది మన దేశంలో అదే. 2016-17లో మొదలైంది. చాలా ఏళ్లు అన్ని జట్లనీ ఒకచోట చేర్చి, కొన్ని వారాల్లో ముగించి ఇంటికి పంపేసేవారు. 2023-24 నుంచి సొంత ఊళ్లో ఒకటి, అవతలి ఊళ్లో ఒకటి అన్న పద్ధతి వచ్చింది, కింద రెండో డివిజన్ కూడా పెట్టారు. 2024-25లో ఎనిమిది జట్లు ఆడాయి, ఈస్ట్ బెంగాల్ గెలిచింది. అంటే ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు, జనవరి నుంచి ఏప్రిల్ లోపు అయిపోయాయి. మిగతా ఎనిమిది నెలలు ఏం చేస్తావు అన్న ప్రశ్న ప్రతి ప్లేయర్‌కీ ఉంటుంది, దానికి జవాబు రాష్ట్ర లీగే. బెంగళూరు మంచిది అనడానికి నా దగ్గర ఉన్న పెద్ద కారణం అది.

డబ్బు సంగతి. పై లీగ్‌లో ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా కాంట్రాక్ట్ ఇవ్వాలని 2023లో ఫుట్‌బాల్ ఫెడరేషన్ నిర్ణయించింది. నెలకి లెక్కేస్తే 26 వేల చిల్లర. తీసిపారేసే మొత్తం కాదు. కానీ పదిమందికి అన్నారు చూడండి, ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మంది ఆడతారని మర్చిపోయారో ఏమో. కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ల స్టాపర్ ఆ పదిమందిలో ఉంటుందని లెక్కేసుకోకండి. రాష్ట్ర లీగ్ స్థాయిలో ఉండటానికి చోటు, తిండి, బూట్లు దొరికితే అదృష్టమే. పీజీ అద్దె ఇంటి నుంచే వెళ్లాలన్నట్టు మనసు సిద్ధం చేసుకోండి.

క్లబ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు మొహమాటం వద్దు. కాంట్రాక్ట్ కాగితం మీద ఇస్తారా, నోటిమాటా? దెబ్బ తగిలితే స్కానింగ్‌కీ ఆపరేషన్‌కీ ఎవరు కడతారు? ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో పేరు ఎక్కిస్తారా, వదిలి వెళ్లాలంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఇస్తారా? వీటన్నిటికంటే ముందు, మీ దగ్గర ఇప్పటికే స్టాపర్లు ఎంతమంది ఉన్నారు? నలుగురు ఉంటే నువ్వు ఐదోదానివి, బెంచికి కూడా పోటీయే.

మూడో దారి: చెన్నై, తమిళనాడు వైపు

నగరి, పుత్తూరు, సత్యవేడు వాళ్లకి ఇది పెరటి దారి, పొద్దున బయల్దేరితే మూడు గంటలు. చాలా ఇళ్లలో తమిళం ఎలాగూ మాట్లాడతారు, అది చిన్న విషయం కాదు. స్టాపర్ పనిలో సగం నోటితోనే. లైన్ పైకి ఎక్కు, నీ వెనకాల మనిషి, వదిలెయ్ నేను చూసుకుంటా అని 90 నిమిషాలు అరుస్తూనే ఉండాలి, ఆ అరుపు పక్క అమ్మాయికి వెంటనే అర్థం కావాలి. భాష రాని ఊళ్లో ఫార్వర్డ్ నెట్టుకొస్తుంది, డిఫెండర్ మొదటి మూణ్ణెల్లు మూగదైపోతుంది.

ఆట పరంగా తమిళనాడు ఇప్పుడు మనకంటే చాలా ముందుంది. 2018లోనూ 2023లోనూ సీనియర్ మహిళల నేషనల్స్ గెలిచింది. మదురై సేతు ఎఫ్‌సీ 2018-19లో ఇండియన్ విమెన్స్ లీగ్ ఛాంపియన్. ఇండియాకి మిడ్‌ఫీల్డ్ ఆడిన కడలూరు అమ్మాయి ఇందుమతి తమిళనాడు పోలీసులో సబ్ ఇన్‌స్పెక్టర్. ఆటా ఉద్యోగమూ రెండూ కలిసి నడవడం అక్కడ కొత్త కాదు. చిక్కేమిటంటే ఆ రాష్ట్ర పోలీసు ఉద్యోగాల మీద ఆశ పెట్టుకుని మనమ్మాయి వెళితే లాభం లేదు, అవి ముందు వాళ్ల పిల్లలకే. లీగ్ ఆడటానికి వెళ్లండి, ఉద్యోగానికి కాదు.

నాలుగో దారి: డిపార్ట్‌మెంట్ ఉద్యోగం

రైల్వే, సరిహద్దు కాపలా కాసే సశస్త్ర సీమా బల్ (ఎస్ఎస్‌బీ) లాంటివి. నాన్నలందరికీ నచ్చేది ఇదే, వాళ్లని తప్పుపట్టను. నెల నెలా జీతం, డ్యూటీ వెసులుబాటు, టీమ్ క్యాంపులు, ఆట ఆగిపోయాక కూడా ఉద్యోగం ఉంటుంది. రైల్వే, ఎస్ఎస్‌బీ మహిళల జట్లు దేశంలో పేరున్నవే.

కానీ ఇది మొదటి మెట్టు కాదు. రాష్ట్రానికో యూనివర్సిటీకో ఆడి, జట్టు మంచి స్థానంలో వచ్చిన కాగితం చేతిలో ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది, ఊరికే పాల్గొన్నాం అంటే చాలదు. వయసు కూడా చూసుకోవాలి. రైల్వే స్పోర్ట్స్ కోటా 18 నుంచి 25 ఏళ్ల లోపు, దాంట్లో ఎవరికీ సడలింపు ఉండదు. సాయుధ దళాల్లో కానిస్టేబుల్‌కి స్పోర్ట్స్ కోటాలో మామూలుగా 23తోనే ఆగిపోతుంది, అమ్మాయిలకి ఎత్తు సాధారణంగా 157 సెంటీమీటర్లు అడుగుతారు. ఏ ఏడాది ఏ ఆటకి, ఏ పొజిషన్‌కి పిలుస్తారో నోటిఫికేషన్ చూస్తేనే తెలుస్తుంది. ఒక ఏడాది గోల్‌కీపర్ కావాలంటారు, ఇంకో ఏడాది ఫార్వర్డ్. స్టాపర్ కావాలన్న ఏడాదికి నీ వయసు 25 దాటకుండా ఉండాలి, మోకాలు బాగుండాలి, ఫారం సంతకంతో సహా ఫైల్లో ఉండాలి. ఈ మూడూ ఒకేసారి కలవడానికి కొంచెం స్వామి దయ కూడా ఉండాలి.

ఇంకా చిన్నవాళ్లు, అంటే ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలైతే అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ సంగతి ముందు కనుక్కోండి. మన రాయలసీమలో అమ్మాయిల ఫుట్‌బాల్‌ని ఏళ్ల తరబడి పద్ధతిగా నడిపిన చోటు అది. ఇంటర్ అయిపోయిన అమ్మాయికి మాత్రం ఆ వయసు దాటిపోయినట్టే.

విదేశాల మాట ఎవరో ఒకరు తప్పకుండా తీస్తారు. నిజామాబాద్ తండా అమ్మాయి గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా డినమో జాగ్రెబ్‌కి వెళ్లింది, మన తెలుగమ్మాయే, చెప్పుకుంటే గర్వంగా ఉంటుంది. డిఫెండర్లలో దాలిమా ఛిబ్బర్ కెనడాలో యూనివర్సిటీకి ఆడింది. కానీ వీళ్లంతా ముందు ఇక్కడ ఇండియా జెర్సీ వేసుకున్నవాళ్లు. ఇంటర్ నుంచి నేరుగా ఆ దారి చూపిస్తాం అని డబ్బులడిగే ఏజెంట్ ఎవరైనా తగిలితే ఫోన్ పెట్టేయండి.

ఒక చూపులో

| దారి | ఏడాదికి పూర్తి మ్యాచ్‌లు | మొదటి రెండేళ్ల డబ్బు | వచ్చే కాగితం | ఎవరికి |
|---|---|---|---|---|
| ఇక్కడే డిగ్రీ | చాలా తక్కువ | ఖర్చు తక్కువ, రాబడి లేదు | ఫారం 3 | చదువు వదలనివాళ్లు, పీఈటీ కావాలనుకునేవాళ్లు |
| బెంగళూరు | ఎక్కువ, టీమ్‌లో చోటుంటే | ఇంటి నుంచి పంపాలి | లీగ్ అనుభవం, ఫారం రాదు | 17-19 ఏళ్లు, ఇప్పటికే రాష్ట్ర క్యాంప్ చూసినవాళ్లు |
| చెన్నై వైపు | ఎక్కువ | ఇంటి నుంచి పంపాలి | లీగ్ అనుభవం, ఫారం రాదు | తమిళం వచ్చినవాళ్లు |
| డిపార్ట్‌మెంట్ | మధ్యస్థం | జీతం | ముందే ఉండాలి | 20 దాటి, కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్లు |

ఈ పట్టికలో పట్టనిది ఒకటుంది. డిఫెండర్ ఆలస్యంగా పండుతుంది. మణిపూర్ స్టాపర్ ఆశాలతా దేవి ఇండియాకి వందో మ్యాచ్ ఆడింది 2024లో, అప్పటికి ఆమెకి 31 ఏళ్లు. మన దేశంలో వంద దాటిన మొదటి మహిళ ఆమే, డిఫెండరే. అమెరికా స్టాపర్ బెకీ సావర్‌బ్రన్ 39 దాకా ఆడింది. ఇంగ్లండ్ సైడ్ బ్యాక్ లూసీ బ్రాంజ్ చదువుకునే రోజుల్లో డామినోస్‌లో పిజ్జాల పని కూడా చేసింది. పంతొమ్మిదేళ్లకి పెద్ద క్లబ్ పిలవలేదంటే స్టాపర్‌కి ఆట అయిపోయినట్టు కాదు. వింగర్, అంటే అంచున పరుగెత్తే ఫార్వర్డ్, అయితే నేను ఈ మాట అంత ధైర్యంగా చెప్పను.

మోకాలు

మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం మగవాళ్ల కంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. డిఫెండర్‌కి ఇంకా భయం, ఫార్వర్డ్ ఎటు తిరిగితే అటు మనం ఒక్కసారిగా ఆగి తిరగాలి కదా, తెగేది ఆ తిరుగుడులోనే. తెగితే తొమ్మిది నెలల నుంచి ఏడాది ఇంట్లో. ఇంగ్లండ్ కెప్టెన్ లియా విలియమ్‌సన్‌కి 2023 ఏప్రిల్‌లో తెగింది, ఆ ఏడాది ప్రపంచకప్ పోయింది. 2025లో యూరో కప్ ఎత్తింది, కానీ ఆమె వెనక మొత్తం డాక్టర్ల బృందం ఉంది. మనకుండేది బిర్డ్ ఆస్పత్రి ఓపీ క్యూ, ఇంట్లో అమ్మ పెట్టే ఐస్ సంచి.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా రెండు పనులు. ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, ఖర్చు లేదు, దెబ్బలు తగ్గిస్తుందని రుజువైంది, ప్రతి ప్రాక్టీస్ ముందూ చేయండి. రెండోది మన ఊరి జబ్బు. స్టామినా కోసం అలిపిరి మెట్లు పరుగెత్తి ఎక్కే పిల్లలు చాలామంది ఉన్నారు. 3,550 మెట్లు ఎక్కడం మంచిదే, తొడలు గట్టిపడతాయి. దిగేటప్పుడు కూడా పరుగే, అదే వద్దనేది. దిగడానికి బస్సుంది, యాభయ్యో వందో చూసుకోకండి.

ఒకసారి ఇప్పటికే మోకాలు తెగిన అమ్మాయికైతే నేను బెంగళూరు చెప్పను. ఇక్కడే డిగ్రీలో చేరి, పద్దెనిమిది నిండాక ఫెడరేషన్ డి లైసెన్స్ కోచింగ్ కోర్సు చేయమంటాను, లేదా రెఫరీ పరీక్ష. ఇంట్లో రెండేళ్లు జీతం లేకుండా గడవదు అనేవాళ్లకీ ఇదే, దీంతోపాటు రాష్ట్ర టీమ్ సెలక్షన్ ఒక్కటి కూడా వదలకుండా ఆడి రైల్వే నోటిఫికేషన్ కోసం కాగితాలు పోగేసుకోమంటాను. పదిహేడేళ్లుండి, తల మీద బాల్‌కి భయపడకుండా, అరవడానికి సిగ్గుపడకుండా ఉండే పిల్ల అయితే మాత్రం బస్సెక్కించండి. డిగ్రీ ఏడాది లేటైనా దొరుకుతుంది.

ట్రయల్స్ గురించి ఒక మాట. ఇరవై నిమిషాలు ముక్కూ మొహం తెలీని వాళ్లతో ఆడిస్తారు, డ్రిబ్లింగ్ చేసేవాళ్లే కళ్లల్లో పడతారు. స్టాపర్ కనిపించాలంటే వినిపించాలి. దిగగానే పక్కనున్న ముగ్గురి పేర్లు అడిగి, ఆ పేర్లతో అరవండి. సెలక్టర్‌కి అంతకంటే ఏం చూపించక్కర్లేదు.

ఇదంతా ఆ ఆటో ఆయనకి టీ కొట్టు దగ్గర బిల్లు వెనక గీతలు గీసి చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితమే చూసి, "నెలకి పీజీకి ఎంతవతాది మేడం" అన్నాడు. పాప అంతవరకూ నోరు తెరవలేదు, బూటు అడుగున ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీక్కుంటూ కూర్చుంది. మ్యాచ్‌లో గొంతు చించుకునే పిల్ల, నాన్న పక్కనుంటే పిల్లిలా ఉంటుంది. తల ఎత్తకుండానే అడిగింది, "అక్కా, అక్కడ స్టాపర్లు ఎంతమంది ఉన్నారు?"

అక్కడే ఫోన్ చేశాం. మొదటి క్లబ్‌లో నలుగురంట. రెండోదాంట్లో ఇద్దరే, అందులో ఒకామెకి పెళ్లి కుదిరిందంట. ట్రయల్ వచ్చే నెల రెండో ఆదివారం. బస్సు టికెట్లు రెండు, ఆయనకి ఒకటి, పాపకి ఒకటి.